కేలూస్కర్ మాస్టారు ఇచ్చిన పుస్తకం

బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి జీవితం మనకు కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 14న ఫోటోకు దండ వేసి, వ్యాసరచన పోటీ పెట్టి చెప్పుకుంటూనే ఉన్నాం. కాకపోతే మన ఉపన్యాసాలు రాజ్యాంగం దగ్గర మొదలై రాజ్యాంగం దగ్గరే ముగుస్తాయి. ఆయన ఇంకా డాక్టర్ కాకముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన చిన్న పనుల గురించి ఈసారి రాస్తున్నాను.

1891లో మహూలో, సైన్యంలో సుబేదారుగా పనిచేసిన రాంజీ సక్పాల్ ఇంట భీమరావు పుట్టాడు. తరువాత ఆ కుటుంబం బొంబాయి చేరి, పరేల్‌లో కూలీలుండే చోట ఒక్క గదిలో కాపురం పెట్టింది. వంటా అందులోనే, పడకా అందులోనే. తండ్రి కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండు గంటల దాకా మేలుకొని, అతన్ని చదువుకు లేపి అప్పుడు నడుం వాల్చేవారు. పుస్తకాల కోసం పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. ఒక గదిలో పదిమందిమి ఉండి పరీక్షలకు చదివిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంట్లో చోటు లేక భీమరావు బడి వదిలాక చర్నీ రోడ్ తోటలో కూర్చుని చదువుకునేవాడు. విల్సన్ హైస్కూలు ఉపాధ్యాయుడు, మరాఠీ రచయిత కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ కూడా ఆ తోటకు వచ్చేవారు. కుర్రాణ్ణి గమనించి పలకరించారు. ఆ పలకరింపు అక్కడితో ఆగలేదు.

భీమరావు స్కూల్లో ఒక పరీక్ష పాసైనప్పుడు కులంవాళ్లు సంబరంగా సభ పెడతామన్నారు. పిల్లవాడికి తలకెక్కుతుందని తండ్రి వద్దన్నారు. వాళ్లు కేలూస్కర్ దగ్గరికి వెళితే ఆయన వచ్చి రాంజీకి నచ్చజెప్పారు. సభకు తానే అధ్యక్షత వహించి, చివరలో తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను కుర్రాడి చేతిలో పెట్టారు.

భీమరావు 1907లో మెట్రిక్, ఆ తర్వాత ఇంటర్ పాసయ్యాడు. ఇక చదివించడం తండ్రి వల్ల కాలేదు. చదువు ఆగిపోయేదే! పైకి రాగల అంటరాని విద్యార్థికి సాయం చేస్తానని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ అప్పటికే ఒక సభలో ప్రకటించి ఉన్నారు. కేలూస్కర్ ఆ మాట గుర్తుపెట్టుకుని కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మహారాజు దగ్గరికి తీసుకెళ్లారు. మహారాజు కొన్ని ప్రశ్నలు వేసి, నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చారు. మహారాజు ఇచ్చిన డబ్బు గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం వెంటబెట్టుకుని వెళ్లడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదట. మనలాంటి ఇళ్లలో డబ్బు లేకపోవడం ఒక కష్టమైతే, ఎవరిని అడగాలో చెప్పేవాళ్లు లేకపోవడం అంతకన్నా పెద్ద కష్టం.

బి.ఏ. అయ్యాక 1913లో తండ్రి పోయారు. ఆ ఏడే బరోడా సంస్థానం మూడేళ్లపాటు నెలకు 11.5 పౌండ్లు ఇచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపింది. అక్కడినుంచి లండన్ వెళ్లారు గానీ, గడువు తీరడంతో 1917లో చదువు సగంలో వదిలి రావలసివచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే కులం తెలిసి బసలోంచి వెళ్లగొట్టారు. అంత చదువుకున్న మనిషికి తలదాచుకోను గది దొరకలేదు! 1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1923కల్లా డి.ఎస్‌సి. పట్టా సాధించారు.

ఆ తరువాత మహద్ చెరువు, గుండ్రబల్ల సమావేశాలు, రాజ్యాంగం మీకందరికీ తెలిసినవే. తక్కువగా చెప్పుకునేది ఒకటుంది. ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ 1925లో షోలాపూర్‌లో అంటరాని విద్యార్థులకు హాస్టల్ తెరిచింది. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో చేరాక, షెడ్యూల్డ్ కులాల పిల్లల పైచదువులకు డబ్బు ఇవ్వాలని పట్టుబట్టారు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మనం ఇంటర్‌లో చేరగానే కుల ధ్రువీకరణ పత్రం జతచేసి నింపే ఆ ఫారం వెనుక ఇంత కథ ఉంది.

కేలూస్కర్ మాస్టారు 1934లోనే కన్నుమూశారు. రాజ్యాంగాన్ని ఆయన చూడలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ గారు లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించడమూ చూడలేదు. ఆ సంవత్సరమే బాబాసాహెబ్ బుద్ధుని మీద తన చివరి గ్రంథానికి ముందుమాట రాసుకున్నారు. బుద్ధుని వైపు తన మనసు ఎలా మళ్లిందో చెబుతూ, చిన్ననాటి ఆ సభనూ, మాస్టారు ఇచ్చిన ఆ పుస్తకాన్నీ అందులో తలుచుకున్నారు.