వెసేలియస్ పండితుడు

వైద్యవిద్యాశాలలో చేరిన విద్యార్థి చేతికి మొదట వచ్చునది మందు గాదు, ఎముక. దాని నిటునటు త్రిప్పి, గుంట యెక్కడ, గట్టు యెక్కడ, ఏ కండర మెచ్చట నంటియుండునో తడవి తెలిసికొనవలెను. పిమ్మట శవచ్ఛేదము చేసి, కండరముల పొరలను, కపాలము, రొమ్ము, ఉదరము అను గుహలలో నమరియున్న యవయవములను కన్నులార చూడవలెను. నేడిది సర్వసామాన్యమైన పద్ధతి. ఐరోపాఖండమున నిది స్థిరపడుటకు ముఖ్యకారకుడైన ఆంద్రియాస్ వెసేలియస్ చరిత్రమును మా పాఠకులకు విన్నవింపదలచితిమి. పూర్వగ్రంథముల యెడ భక్తి యెంతవరకు తగునో, పరీక్ష యెక్కడ నారంభింపవలెనో ఆ చరిత్రము తెలుపుచున్నది.

ఆయన 1514 డిసెంబరు 31వ తేదీన బ్రసెల్సు నగరమున జన్మించెను. తాతముత్తాతలు వైద్యులు, తండ్రి అయిదవ చార్లెసు చక్రవర్తి యాస్థానమున ఔషధములు కూర్చువాడు. 1533లో వెసేలియస్ వైద్యము నభ్యసించుటకు పారిసు చేరెను.

ఆ కాలమున ఐరోపా వైద్యులకు గాలెన్ వాక్యమే ప్రమాణము. గాలెన్ క్రీ. శ. రెండవ శతాబ్దమున రోము నగరమున చక్రవర్తులకు వైద్యము చేసిన మహావిద్వాంసుడు. కాని నరశవచ్ఛేదము నాటి రోమక సమాజమున కంగీకృతము గాదు. అందుచే ఆయన కోతులను, పందులను, ఎద్దులను కోసి చూచి, మనుష్యశరీరమును గూడ పెక్కుచోట్ల ఆ పోలికనే వర్ణించెను. పదుమూడు వందల యేండ్లు ఆ వర్ణనమే పాఠముగ సాగెను. విద్యాశాలలలో శవచ్ఛేదము బొత్తిగ లేకపోలేదు. అయితే ఆచార్యుడు ఎత్తైన పీఠముపై గూర్చుండి గ్రంథము చదువును. క్రింద క్షురకవృత్తివాడు శవమును కోయును. మరియొకడు బెత్తముతో చూపును. చదువువాడు చూడడు, కోయువాడు గ్రంథ మెరుగడు. కంటికి గనబడినది గ్రంథముతో విభేదించినచో, తప్పు గ్రంథమున నున్నదని తలచువారు అరుదు.

వెసేలియస్ ఈ చదువుతో తృప్తినొందలేదు. పారిసు శ్మశానమున బయటపడిన యెముకల ప్రోవుల చెంత గంటలకొలది గడపి, గంతలు కట్టుకొని తడిమినను ఏ యెముకయో చెప్పగలిగినంత పరిచయము సంపాదించెను. 1536లో యుద్ధకారణమున పారిసు విడిచి లూవేను నగరమునకు మరలెను. అచ్చట ఊరి వెలుపల దండనస్తంభమున వ్రేలాడుచున్న యొక నేరస్థుని కళేబరము ఆయన కంటబడెను. మాంసమును పక్షులు తినివేయగా నెముకలు మాత్రము మిగిలియుండెను. మిత్రుడగు గెమ్మా ఫ్రిసియసు తోడ్పాటుతో పైకెక్కి, ఎముకలను కొన్ని కొన్నిగ రహస్యముగ నింటికి జేర్చి అస్థిపంజరమును గూర్చుకొనెను.

1537 డిసెంబరులో ఇటలీదేశపు పాడువా విశ్వవిద్యాలయమున ఆయనకు వైద్యపట్టము లభించెను. మరునాడే శస్త్రవైద్యాచార్య పదవియు లభించెను. అప్పటికి ఇరువదిమూడేండ్లు నిండలేదు. ఆచార్యుడై ఆయన చేసిన మొదటి మార్పు పీఠము దిగుట. కత్తి తానే పట్టెను. కండరమును తానే విడదీసెను. విద్యార్థులను దగ్గరకు బిలిచి చూపెను. పండితుడు చేయరాని నీచపుబనియని యెంచబడినదానిని చేసి చూపుటచేతనే ఆయన పాండిత్యము రాణించెను.

అయినను పూర్వుల మాట నొక్కసారిగ త్రోసివేసినవాడు గాడు. గొఱ్ఱెలు, ఎద్దులు మొదలగువాని మెదడు క్రింద వలవంటి రక్తనాళముల యల్లిక యుండును. అది నరునకును గలదని గాలెన్ వ్రాసెను. వెసేలియస్ 1538లో ప్రకటించిన యారు పటములలో ఆ యల్లికను చిత్రింపించెను. నరుని తలలో నది కనబడకపోగా, పాఠము చెప్పునపుడు జంతువు తల నొకదానిని దగ్గర నుంచుకొని చూపెడివాడు. తరువాత ఆ సంగతిని తన గ్రంథమున తానే వెల్లడించి, అంత గ్రుడ్డిగ నమ్మినందులకు సిగ్గుపడెను. ఆయన జీవితమున మాకు మిక్కిలి గొప్పదిగ దోచుచున్నది ఈ యొప్పుకోలే.

1539లో పాడువా న్యాయాధిపతి యొకడు మరణదండన పొందినవారి శవముల నాయన కిప్పించుట కారంభించెను. చూచినకొలది సందేహములు బలపడెను. 1540లో బొలోనా నగరమున నరుని యస్థిపంజరమును, కోతి యస్థిపంజరమును ప్రక్కప్రక్కన నిలిపి, గాలెన్ వర్ణించిన వెన్నుపూసల లక్షణము కోతియందే గలదని సభకు జూపెను.

1543లో, ఇరువదియెనిమిదేండ్ల వయస్సున, మానవశరీర నిర్మాణమును గూర్చిన ఆయన మహాగ్రంథము బాసెల్ నగరమున ఓపొరీనసు ముద్రణాలయమందు వెలువడెను. అందు ఏడు భాగములు: ఎముకలు, కండరములు, రక్తనాళములు, నరములు, ఉదరావయవములు, గుండెయు ఊపిరితిత్తులును, మెదడు. రెండువందలకు మించిన చిత్రములు గలవు. క్రింది దవడ రెండెముకలు గాదు, ఒక్కటే. రొమ్ముయెముక యేడు భాగములు గాదు, మూడు. స్త్రీపురుషుల ప్రక్కటెముకల సంఖ్య సమానమే. గుండె గదుల నడిమి గోడలో రక్తము పోవు రంధ్రము లాయనకు గనబడలేదు. ఆ పాడువాలోనే చదివిన హార్వే పండితుడు 1628లో రక్తప్రసారమును నిరూపించెను.

ప్రతిఘటన తప్పలేదు. పారిసులో ఆయనకు చదువు చెప్పిన సిల్వియసు గురువే శత్రువయ్యెను. గాలెన్ కాలమునకును తమ కాలమునకును నడుమ మనుష్యశరీరమే మారినదని వాదించెనుగాని, గ్రంథమున తప్పున్నదని యొప్పుకొనలేదు. వెసేలియస్ తన వ్రాతప్రతులు కొన్నిటిని కాల్చివేసి, చక్రవర్తి యాస్థానమున వైద్యుడుగ జేరెను. 1555లో స్వగ్రంథమును దిద్ది మరల ముద్రింపించెను. ఆయన గ్రంథమును నిర్దుష్టము గాదు. 1561లో ఫెలోపియసు అందలి పొరపాట్లను కొన్నిటిని సవరించెను. గాలెన్ విషయమున వెసేలియస్ చేసిన పనియే వెసేలియస్ విషయమున మరియొకడు చేసెను. శాస్త్రమునకు పరంపర యనగా నిదియే. 1564లో యెరూషలేము యాత్ర ముగించుకొని మరలుచు గ్రీకుసముద్రమందలి జాకింథసు ద్వీపమున ఆయన మరణించెను. సమాధి జాడ నేడు తెలియదు.

మనదేశమున సుశ్రుతుడు ఏనాడో శస్త్రవైద్యుడు శవమును నీట నుంచి మెత్తబరచి, పొర పొరగ విప్పి కన్నులతో చూడవలెనని విధించెను. ప్రత్యక్షజ్ఞానము, శాస్త్రజ్ఞానము రెండును గూడినగాని విద్య పూర్ణము గాదని యాయన మతము. కాలక్రమమున శ్లోకములు నిలిచెను, చూచుట సన్నగిల్లెను. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో, ఆయుర్వేద పండితుడగు మధుసూదనగుప్తుడు సంఘభీతిని లెక్కింపక కత్తి పట్టవలసివచ్చెను. సుశ్రుతుని పేరు స్మరించుటకన్న సుశ్రుతుని యాజ్ఞను పాటించుట కష్టమని దీనివలన దేలుచున్నది.

మరియొక సంగతిని మరుగుపరచుట న్యాయముగాదు. వెసేలియస్ విద్యకు ఆధారమైనవారు తమంతట తాము దేహము నిచ్చినవారు గారు. కొందరు ఉరికంబమెక్కినవారు, కొందరి శవములు సమాధులనుండి దొంగిలింపబడినవి. బంధువు లానవాలు పట్టకుండ విద్యార్థులు ఒక శవమునకు చర్మ మొలిచిరని ఆయనయే వ్రాసికొనెను. 1543లో బాసెల్ నగరమున మరణదండన పొందిన యొక నేరస్థుని యెముకలను ఆయన కూర్చి నిలిపెను. ఆ యస్థిపంజర మా నగరమున నేటికిని భద్రముగ నున్నది. పండితునకు సమాధి మిగులలేదు. ఎవ్వరును అనుమతి యడుగని యా నేరస్థుడు మాత్రము నాలుగువందల యెనుబది యేండ్లుగ నిలిచియే యున్నాడు.

నేడు బలవంతము, దొంగతనము అక్కరలేదు. మరణానంతరము తన దేహమును వైద్యకళాశాలకు సమర్పింపవచ్చునని చట్ట మంగీకరించుచున్నది. అయినను మన కుటుంబములలో నామాట యెత్తుటకే సంకోచింతురు. రోగము వచ్చినపుడు చేయి తిరిగిన శస్త్రవైద్యుని గోరుదుము. ఆ చేయి యెవరి దేహముపై నేర్చినదో విచారింపము. అంత్యక్రియల యెడ మనకుగల గౌరవమును మేము తేలికచేయుట లేదు. విద్యకై యిచ్చిన దేహమునకును అదే గౌరవము చెల్లునని మాత్రము మనవిచేయుచున్నాము. పాఠకులు ఇంటివారితో నీవిషయమును ముచ్చటింతురుగాక.