అగోచరమును పసిగట్టిన మహనీయుడు: యల్లాప్రగడ సుబ్బారావు

చీకటిలో ఉట్టిమీది బెల్లమును చీమ పసిగట్టును. దాని మీసములే దానికి పనిముట్లు. మనుజునకు అట్టి శక్తి కొలదిగానే కలదు. రుచికిని వాసనకును అందని మార్పులను ఎరుగవలెనన్న అతడు సాధనములను కల్పించుకొనక తప్పదు.

బోధను చెంత శక్కర్‌నగరులో 1937లో వెలసి, 2015లో మూతపడిన నిజాము చక్కెర కర్మాగారమును ఎరుగనివారు ఈ సీమలో అరుదు. చెరకు రసమునకు సున్నము చేర్చినపుడు, రసములోని భాస్వర లవణములు సున్నముతో గూడి, మలినములను వెంటగొని అడుగంటును. ఆ లవణములు చాలనిచో రసము చక్కగా తేటపడదు. కావుననే చక్కెర పరిశ్రమలోని రసాయనజ్ఞులు వానిని కొలుతురు. కంటికగపడని భాస్వరమును నీలివర్ణముగా మార్చి కొలుచు విద్యను చక్కదిద్దినవారిలో ప్రముఖుడు మన తెలుగువాడే.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవమారు గెలిచెను. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందెను. ఇంతలో సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులనిరువురను కొలదిదినముల ఎడములో కబళించెను. దేహములోపల ఏది కొరవడెనో చెప్పగల సాధనము నాటి వైద్యుని చేతిలో లేదు. ఆ దుఃఖమే ఆయనకు దారిచూపెను.

1922లో భార్య శేషగిరిని స్వదేశమున విడిచి, మామగారి సాయముతో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేయుచు హార్వర్డులో చదివెను. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో గూడి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. రక్తమునుండి తీసిన ద్రవమునకు మాలిబ్డేటును, మరియొక ద్రవ్యమును చేర్చిన నీలిరంగు పుట్టును. భాస్వరము హెచ్చినకొలది రంగు చిక్కనగును. తెలిసిన మోతాదుగల ద్రవపు రంగుతో పోల్చిన లెక్క తేలును. ఈ కొలబద్దతోనే వారు కండరములలోని ఫాస్ఫోక్రియాటినును 1927లో వెల్లడించిరి. జీవకణము పనికై వెచ్చించు శక్తికి ఆధారమైన ఎ.టి.పి.ని 1929లో కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమాను పండితుడును దానిని కనుగొనెను.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వము వహించెను. అచట సాధనము రంగు కాదు, ప్రాణియే. పాలను పులియజేయు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి, ఫోలిక్ ఆమ్లము లేనిదే పెరుగజాలదు. కార్జపు సారమును భాగములుగా విడదీసి, ఒక్కొక్కదానిని దానికి మేపిరి. ఏ భాగముతో అది పెరిగి పులుపు పుట్టించెనో, ఆ భాగములో ఆ పదార్థమున్నట్లు. ఇట్లు జాడపట్టి, సహచరులతో గూడి 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. సోదరులను బలిగొన్న సంగ్రహణికి అది ఔషధమయ్యెను. దానికి ప్రతిరూపముగా కల్పించిన అమినాప్టెరిను, రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డలలో వ్యాధిని తాత్కాలికముగానైనను అణచెనని ఫార్బరు అను వైద్యుడు 1948లో వెల్లడించెను. ఆ జాతిదే యైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది.

ఆ యేడే ఆగస్టు మాసమున, తన 53వ యేట, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. స్వదేశమునకు మరలి రాలేదు. భార్యను తిరిగి చూడలేదు. అణువుల జాడ తీసిన ఆయన పేరును లోకము చాలకాలము గుర్తింపనేలేదు. భారతప్రభుత్వము 1995లో ఆయన స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించెను.

కొలువనిదే కొరత తెలియదు. కొరత తెలియనిదే చికిత్స లేదు. పొలములోని మన్నుకైనను, దేహములోని రక్తమునకైనను ఇదియే న్యాయము. పరీక్షలో రెండుమారులు తప్పిన బాలుడెవడైన ఈ గ్రంథాలయపు బల్లచెంత కూర్చుండి యున్నచో, భీమవరపు ఆ బాలుని కథ అతడు చదువవలసినది.