డెబ్బై ఎనిమిదో ఏట వచ్చిన వేషం

అగాథా క్రిస్టీ నవలలు చదివినవాళ్ళకి మిస్ మార్పుల్ కొత్త కాదు. పెళ్ళి చేసుకోని ముసలావిడ. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో ఊలు అల్లుకుంటూ, తోటపని చేసుకుంటూ, పోలీసులకి అంతుపట్టని హత్యల గుట్టు విప్పుతుంది. నేను రాస్తున్నది మాత్రం బీబీసీ టీవీలో ఆ వేషం కట్టిన జోన్ హిక్సన్ గారి గురించి.

హిక్సన్ 1906 ఆగస్టు 5న ఇంగ్లండులోని నార్తాంప్టన్ దగ్గర కింగ్స్‌థార్ప్‌లో పుట్టారు. లండన్‌లోని రాడా నాటక పాఠశాలలో చదివి, 1927లో రంగస్థలం ఎక్కారు. 1932లో ఒక డాక్టరుని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. ఇల్లు చూసుకుంటూనే నటించారు కానీ, వచ్చినవి ఎక్కువగా చిన్న వేషాలే.

1940లలో ఒక క్రిస్టీ నాటకంలో ఆవిడని చూసిన రచయిత్రి, ఏదో ఒకరోజు మీరు నా మిస్ మార్పుల్‌గా నటించాలని చీటీ రాసి పంపారట. అప్పటికి హిక్సన్‌కి ఇంకా నలభై ఏళ్ళే. 1961లో మిస్ మార్పుల్ సినిమా ఒకటి వచ్చింది. అందులో హిక్సన్ ఉన్నారు, కానీ పనిమనిషిగా! మార్పుల్ వేషం మార్గరెట్ రూథర్‌ఫర్డ్‌ది. 1976లో క్రిస్టీ చనిపోయారు. ఆ కోరిక తీరడం ఆమె చూడలేదు.

1984 డిసెంబరు 26న బీబీసీలో 'ది బాడీ ఇన్ ద లైబ్రరీ' మొదలైంది. మార్పుల్‌గా హిక్సన్. వయసు 78.

కథ ఇది. ఒక కల్నల్ గారి ఇంట్లో, పుస్తకాల గదిలో, తెల్లవారేసరికి ఎవరో అమ్మాయి శవం. ఊరంతా కల్నల్ మీద గుసగుసలు. హంతకుడు దొరక్కపోతే ఆయన పరువు పోయినట్టే. ఆయన భార్య తన స్నేహితురాలు మార్పుల్‌ని పిలుస్తుంది. మార్పుల్ చూపు శవం చేతుల మీద పడుతుంది. గోళ్ళు కొరికి ఉన్నాయి. కట్టుకున్న గౌను పాతది. ఆడపిల్లల అలవాట్లు తెలిసిన మనిషి కాబట్టి అక్కడే ఆగింది. మా వీధి అరుగు మీద కూర్చునే అవ్వలకీ ఈ చూపే ఉంటుంది. మనం దాన్ని ఊసుపోని కబుర్లని కొట్టిపారేస్తాం.

హిక్సన్ ఈ వేషంలో గొంతు పెంచరు. మూలన కూర్చుని వింటారు, అంతే. కథ మొత్తం ఆవిడ చుట్టూ తిరుగుతుంది. యాభై ఏళ్ళకి పైగా పక్క వేషాలు వేస్తూ, పక్కన నిలబడి చూడటం నేర్చుకున్న మనిషికే అది చేతనవుతుందని నాకనిపిస్తుంది. ఆ ఏళ్ళు వృథా పోలేదు.

1992 దాకా 12 మార్పుల్ నవలలూ ఆవిడతోనే తీశారు. ఆఖరిది ప్రసారమైనప్పుడు ఆవిడకి 86. మధ్యలో 1987లో ఓబీఈ గౌరవం దక్కింది. 1998 అక్టోబరు 17న, 92వ ఏట కన్నుమూశారు.

డిగ్రీ అయ్యేలోపు ఉద్యోగమో పెళ్ళో ఏదో ఒకటి తేలిపోవాలని మన ఇళ్ళల్లో ఒకటే తొందర. తేలకపోతే మన పని అయిపోయిందని మనమే అనుకుంటాం. ఈసారి ఎవరైనా అలా అంటే, ఆ 1961 సినిమాలో పనిమనిషిని ఒకసారి చూడమని చెప్తాను.