కర్బనాన్ని కలిపిన కర్మయోగి — మార్సెలిన్ బెర్తెలో

వెల్డింగు షాపులో కళ్లు జిగేలుమనేట్లు మండే గ్యాసును మనమందరం చూసినవారమే. ఒకప్పుడు కార్బైడు దీపాల్లో వెలిగిందీ అదే. దాని పేరు ఎసిటిలీన్. 1836లో ఎడ్మండ్ డేవీ దీనిని మొదట గుర్తించినా, ఆ పేరు పెట్టి గుణగణాలు తేల్చిన ఘనత ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మార్సెలిన్ బెర్తెలోది.

ఆయన 1827 అక్టోబరు 25న పారిస్ నగరంలో ఒక వైద్యుని ఇంట జన్మించారు. 1851లో కొలేజ్ ద ఫ్రాన్స్ అనే విద్యాసంస్థలో ప్రయోగశాల సహాయకుడిగా చిన్న ఉద్యోగంలో చేరి, 1865లో అక్కడే ఆచార్యులయ్యారు.

జీవుల శరీరాల్లో, చెట్టుచేమల్లో పుట్టే పదార్థాలను మనిషి తయారు చేయలేడనీ, వాటికి ఏదో ప్రాణశక్తి కావాలనీ ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. బెర్తెలో ఆ మాట ఒప్పుకోలేదు. గ్లిజరిన్‌ను ఆమ్లాలతో కలిపి కొవ్వులను ప్రయోగశాలలోనే తయారు చేశారు. 1862లో హైడ్రోజన్ వాయువు మధ్య రెండు బొగ్గు కడ్డీల నడుమ విద్యుత్తు మెరుపు పుట్టించి, బొగ్గు నుండి నేరుగా ఎసిటిలీన్ తీశారు.

అసలు అద్భుతం 1866లో జరిగింది. ఎసిటిలీన్‌ను గాజు గొట్టంలో మూసి, గాజు మెత్తబడేంతగా వేడి చేశారు. బెంజీన్ వచ్చింది! ఎసిటిలీన్ అణువులో రెండు కర్బన పరమాణువులు, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అలాంటివి మూడు చేతులు కలిపితే ఆరు కర్బనాలు, ఆరు హైడ్రోజన్ల బెంజీన్. రంగులకు, మందులకు ముడిసరుకు అదే.

అయితే అంత వేడిలో బెంజీన్‌తోపాటు తారు వంటి పదార్థాలు కూడా వచ్చేవి. తరువాతి కాలంలో జర్మనీకి చెందిన వాల్టర్ రెప్పె, నికెల్ సంయోగాల సాయంతో చాలా తక్కువ వేడిలోనే ఎసిటిలీన్ అణువులను కలపవచ్చని చూపారు. ఆస్మియం వంటి బరువైన లోహం మీద కూడా ఈ జాతి అణువులు పక్కపక్కన చేరి, కర్బనానికి కర్బనం ముడిపడి, లోహాన్ని కూడా కలుపుకుని వలయంగా ఏర్పడతాయి. పెళ్లిలో ఇరువైపులవారినీ దగ్గరకు చేర్చే పెద్దమనిషి పాత్ర అక్కడ లోహానిది.

ఇంతటి మేధావికీ ఒక లోపం ఉంది. పరమాణు సిద్ధాంతాన్ని ఆయన చాలాకాలం అంగీకరించలేదు. మూడు అణువులను తన చేతులతో కలిపిన మనిషే, కొత్త పద్ధతిలో సూత్రాలు రాయడానికి 1890 దశకం దాకా ఇష్టపడలేదు. ఆయన సెనేటరు, 1886లో విద్యామంత్రి. అంతటి పలుకుబడి గలవారి పట్టుదల వల్ల ఫ్రాన్సు విద్యార్థులకు కొత్త రసాయన శాస్త్రం ఆలస్యంగా అందింది. అనుభవం గొప్పదే, కాని అది కొత్త తరం దారికి అడ్డు కారాదని పెద్దలమైన మనం గ్రహించవలసిన విషయం.

1861లో ఆయన సోఫీ నియోదేను వివాహమాడారు. ఆరుగురు బిడ్డలు. నలభై అయిదేళ్ల దాంపత్యం తరువాత ఆమె జబ్బుపడ్డారు. అప్పటికే గుండె జబ్బుతో ఉన్న ఆ వృద్ధుడు ఆమె మంచం విడువలేదు. 1907 మార్చి 18న ఆమె కన్నుమూశారు. కొద్దిసేపటికే ఆయన గుండె కూడా ఆగిపోయింది.

దేశం తన మహనీయులను ఉంచే పాంథియోన్‌లో ఆయనకు చోటిచ్చారు. దంపతులను విడదీయరాదన్న కోరికను మన్నించి ఆమెనూ పక్కనే ఉంచారు. ఆ మందిరంలో సమాధి పొందిన తొలి మహిళ ఆమె. స్వంత ప్రతిభతో మేరీ క్యూరీ అక్కడికి చేరింది 1995లో.

కర్బనాన్ని కర్బనంతో కలిపిన ఆ చేతులు కడదాకా తోడును విడువలేదు. జీవిత సంధ్యలో ఉన్న మనకు ఆ దంపతుల కథ చిరస్మరణీయం.