నడువలేని స్త్రీయు, మాటలాడిన గుఱ్ఱమును



సంఖ్యాకాండము 22వ అధ్యాయములోని బిలాము గాడిదను మనమందరము ఎరుగుదుము. తన్ను కొట్టిన యజమానుని ఆ మూగజీవము నోరు తెరచి ప్రశ్నించెను. ఇంగ్లండు దేశములో ఒక స్త్రీ తన కలముతో ఒక గుఱ్ఱమునకు అటువంటి నోరు ఇచ్చెను. ఆమె పేరు అన్నా సూయెల్. ఆమె వ్రాసిన కథ బ్లాక్ బ్యూటీ. ఆమె జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

అన్నా 1820 మార్చి 30వ తేదీన గ్రేట్ యార్మత్ పట్టణములో క్వేకరు కుటుంబమున జన్మించెను. తల్లి మేరీ పేదల కొరకు తేలిక మాటలలో కథలు, గేయములు వ్రాసెడిది. అన్నా 14 ఏండ్ల ప్రాయమున, వాన కురియుచుండగా బడి నుండి ఇంటికి వచ్చుచు జారిపడెను. రెండు చీలమండలును దెబ్బతినెను. అది మొదలు జీవితాంతము ఆమె ఎక్కువసేపు నిలువలేకపోయెను, ఎక్కువ దూరము నడువలేకపోయెను. సుమారు 18 ఏండ్లప్పుడు క్వేకరు సమాజమును విడిచి ఇంగ్లండు సంఘములో చేరెను.

కాళ్లు చేయలేని పనిని ఆమెకు గుఱ్ఱము చేసిపెట్టెను. చిన్న బండిలో తండ్రిని రైలు స్టేషనునకు చేర్చుట ఆమె పని. కొరడా జోలికి పోక, పగ్గములు వదులుగా పట్టుకొని, మంచి మాటలతోనే ఆమె గుఱ్ఱమును నడిపెడిది.

ఆ దినములలో గొప్పవారి బండ్లకు ఒక వేడుక యుండెను. గుఱ్ఱము తల ఠీవిగా పైకి నిలుచునట్లు తోలుపట్టెతో బిగించి కట్టెడివారు. మిట్ట యెక్కునప్పుడు అది మెడ వంచి బలము పెట్టలేదు, సరిగా ఊపిరి తీయలేదు. చూచువారికి అది అందము, పశువునకు హింస.

1871 నాటికి అన్నా ఆరోగ్యము క్షీణించెను. నార్విచ్ దగ్గరి ఓల్డ్ కాటన్ గ్రామములో పండుకొనియే, ఓపిక కలిగినప్పుడు కాగితపు ముక్కలపై కొంచెము కొంచెముగా వ్రాసెను. తల్లి వాటిని సాపు వ్రాసెను. ఆరేండ్లు ఇట్లు జరిగి, 1877 నవంబరులో గ్రంథము వెలువడెను. దానిని ఆమె పిల్లల కొరకు కాదు, గుఱ్ఱములతో బ్రదుకువారి కొరకు వ్రాసెను.

కథను గుఱ్ఱమే చెప్పును. రూబెన్ అను సేవకుడు త్రాగిన మత్తులో ఊడిన లాడమును లక్ష్యపెట్టక గుఱ్ఱమును పరుగెత్తించెను. గుఱ్ఱపు మోకాళ్లు పగిలెను, అతని ప్రాణమును పోయెను. జెర్రీ అను లండను బండివాడు బీదవాడైనను ఆదివారము బండి తోలడు, గుఱ్ఱమును బాధింపడు. అయితే రచయిత్రి బండివారినే నిందింపలేదు. బండి అద్దె అధికముగా లాగు యజమానుడు మనిషిని పీడించగా, ఆ మనిషి పశువును పీడించుటను చూపెను. పైవాని లోభము చివరకు నోరులేని దాని వీపుపై పడును గదా!

గ్రంథము వెలువడిన ఐదు నెలలకు, 1878 ఏప్రిల్ 25న అన్నా మరణించెను. శవపు బండి గుఱ్ఱములకు ఆ తోలుపట్టెలే యుండుట చూచి, తల్లి వాటిని విప్పించెనని చెప్పుదురు. 1890లో అమెరికాలో జార్జి ఏంజెల్ అను జంతుప్రేమి ఆ పుస్తకమును అచ్చువేయించి విరివిగా పంచెను. జనుల మనస్సులు మారి, ఆ పట్టెల వాడుక క్రమముగా తగ్గిపోయెను.

నడువలేని స్త్రీ గది దాటకయే ఇంత పని చేసెను. మంచము పట్టినవారు సేవకు పనికిరారని మనము తలంపరాదు.

సామెతలు 12వ అధ్యాయము 10వ వచనమును ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకొందము. పిమ్మట మనలను మనమే ప్రశ్నించుకొందము: మన కొట్టములోని యెద్దునకు నోరు వచ్చినయెడల, మనలను గూర్చి అది ఏమి సాక్ష్యమిచ్చును?