తొలిసాలు దున్నిన శామ్యూల్ డే

ఒంగోలు క్లౌ దొరగారి పేరు వినని తెలుగు బాప్టిస్టు కుటుంబం అరుదు. ధాతుకరవు నాటి కష్టకాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకం గుత్తకు తీసుకొని పేదలకు పని చూపినవాడు ఆయన. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘట్టం ఆయన కాలంలోనే జరిగింది. అయితే క్లౌ కోసిన పైరుకు తొలిసాలు దున్నినవాడు వేరొకడు. అతడే శామ్యూల్ డే. ఆ సేద్యానికి అతడు చెల్లించిన మూల్యం ఆలుబిడ్డలతో గడపవలసిన సంవత్సరాలు.

డే 1808 మే నెలలో కెనడా దేశంలోని లీడ్స్ ప్రాంతంలో జన్మించినాడు. న్యూయార్కు రాష్ట్రంలోని హామిల్టన్ విద్యాలయంలో వేదాంతం అభ్యసించినాడు. అమెరికా బాప్టిస్టులు తెలుగువారి మధ్య పనికి పూనుకొన్నప్పుడు అందుకు ఎన్నికైనవారిలో అతడొకడు. 1835 సెప్టెంబరులో భార్య రోయెన్నాతో కూడ బోస్టన్ రేవులో ఓడ ఎక్కినాడు. సూయెజ్ కాలువ ఇంకా లేని కాలమది. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిన ఆ తెరచాప ఓడ కలకత్తా చేరేసరికి 1836 ఫిబ్రవరి అయినది. ఆ యుగంలో రేవున కన్నవారికి చెప్పే వీడ్కోలు తుదివీడ్కోలుతో సమానమే. ఉత్తరం చేరుటకు నెలలు పట్టేది. తిరుగు జవాబుకు మరికొన్ని నెలలు.

తమతోపాటు తెలుగు పనికే నియమితుడైన అబ్బట్ అనే సహచరుడు బర్మాకు మళ్ళించబడినాడు. డే దంపతులు విశాఖపట్నం చేరి, అచ్చటినుండి శ్రీకాకుళం వెళ్ళి, తెలుగు నేర్చుకొన్నారు. 1837లో మద్రాసుకు మారినారు. కాని అరవ నాడు నడుమ ఉండి తెలుగువారికి బోధించుట చేనికి దూరాన ఉండి సేద్యం చేసినట్లే. కనుక 1840లో డే కుటుంబంతో నెల్లూరు చేరినాడు. సంతలలో, తిరునాళ్ళలో, వీధుల కూడలిలో నిలిచి తెలుగులో ప్రసంగించుట అతని నిత్యకృత్యమైనది.

ఆ ఏడాది సెప్టెంబరు 27న పెన్నానదిలో ఓబులు అనే తెలుగువాడు బాప్తిస్మం పొందినాడు. బాప్టిస్టుల ఆచారం ప్రకారం విశ్వసించినవాడు నీటిలో పూర్తిగా మునిగి లేవవలెను. నదీస్నానం తెలుగువానికి కొత్త కాదు. కొత్తది ఆ తరువాతి సహవాసం. వారి ఆరాధనలో ప్రభువు బల్ల వద్ద అందరూ ఒకే రొట్టెను పంచుకొందురు. నీళ్ళ బిందె తాకుటలో కూడ హెచ్చుతగ్గులు పాటించే ఆ దినాలలో ఆ బల్ల వద్ద కూర్చుండుట చిన్న సాహసం కాదు. తన కుటుంబాన్ని, కులాన్ని, పుట్టి పెరిగిన వీధిని ఒక్కమారుగా దూరం చేసుకొనుటయే. మిషనరీ సముద్రపు రేవున వీడ్కోలు చెప్పి వచ్చినాడు. అతని మాట విన్నవాడు తన గడప వద్దనే చెప్పవలసి వచ్చింది. 1844 అక్టోబరులో నెల్లూరులో సంఘం ఏర్పడినప్పుడు దాని సభ్యులు 8 మందియే. వారిలో తెలుగువారు ఇద్దరు.

ఇంతలో ఆరోగ్యం చెడినది. సహచరుడు వాన్ హ్యూసెన్ అదివరకే జబ్బుపడి స్వదేశానికి మరలినాడు. 1846లో డే కూడ అమెరికాకు ప్రయాణమైనాడు. నెల్లూరులో అమెరికా మిషనరీ ఒక్కడూ లేకపోయినాడు. ఫలితం లేని ఈ పనిని కొనసాగించవలెనా అని అక్కడి పెద్దలు తర్జనభర్జన పడినారు. విడిచిపెట్టవద్దని డే పట్టుపట్టినాడు. పట్టుపట్టినవాడే మరల వెళ్ళవలసి వచ్చింది. ఈసారి భార్యను, పిల్లలను అమెరికాలోనే ఉంచి, 1848 అక్టోబరులో యువకుడైన లైమన్ జ్యూయెట్‌ను, అతని భార్యను వెంటబెట్టుకొని బయలుదేరినాడు.

జీవితచరిత్రలు వ్రాసేవారు ఓడ ఎక్కినవానిని వెంబడింతురు. రేవున నిలిచిపోయినవారిని మరతురు. తండ్రి సముద్రాల కవతల ఉండగా ఇల్లు నడిపిన బరువు రోయెన్నాది. ఇంచుమించు అయిదేండ్లు తండ్రి ముఖం ఎరుగక పెరిగిన బాల్యం ఆ పిల్లలది. నెల్లూరు సంఘం నిలిచినదన్న ఖ్యాతిలో వీరి పాలు ఎంతో ఏ లెక్కలోను కానరాదు.

1849 ఏప్రిల్‌లో నెల్లూరు చేరిన డే మరి నాలుగేండ్లు శ్రమించినాడు. దేహం సహకరించలేదు. 1853లో తుదిసారిగా తెలుగునేల విడిచినాడు. సరిగా ఆ సంవత్సరమే అమెరికాలో మిషను మూసివేత ప్రశ్న మరల లేచినది. పటంలో బర్మాకు ఇవతల ఒంటరిగా ఉన్న నెల్లూరు గుర్తును చూచి ఒకరు దానిని ఒంటరి నక్షత్రమన్నారు. ఆ మాట పట్టుకొని శామ్యూల్ స్మిత్ అనే కవి ఒక గీతం వ్రాసినాడు. మిషను నిలిచినది. 1854 జనవరి 1వ తేదీ ఉదయాన ఒంగోలు కొండపై జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ప్రార్థించినారు. ఆ అయిదుగురిలో డే లేడు.

1865లో క్లౌ వచ్చినాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం వెలసినది. దానికీ సభ్యులు 8 మందియే! డే 1871 సెప్టెంబరులో న్యూయార్కు రాష్ట్రంలోని హోమర్‌లో కన్ను మూసినాడు. గుండ్లకమ్మ ఒడ్డున జనం కిక్కిరియుటకు ఇంకా ఏడేండ్లు ఉన్నవి.

తరువాతి కథ విస్తారమైనది. 1875లో సికింద్రాబాదులో బాప్టిస్టుల పని మొదలైనది. 1903లో తెలుగు బాప్టిస్టులు తామే ఒక బోధకుని విదేశానికి పంపినారు. జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరి, కియర్స్నీ తేయాకు తోటలలో ఒప్పందపు కూలీలుగా ఉన్న తెలుగువారి నడుమ ఆ డిసెంబరులోనే సంఘం స్థాపించినాడు. 1915లో మరణించువరకు ఆ సేవలోనే ఉన్నాడు. ఒకనాడు మూసివేయదలచిన సంఘం సముద్రం దాటి తోబుట్టువులను వెదకుకొన్నది.

డే కాలంలో సభ్యుల పట్టిక ఒక్క కాగితానికి మించలేదు. లెక్కలు చూచి తీర్పు చెప్పినవారికి అతడు ఓడినవాడే. ఆ కొద్దిమంది కోసం ఇంటిని రెండుగా చీల్చుకొనుట తగునా అని అడిగేవారు అప్పుడూ ఉండవచ్చును, ఇప్పుడూ ఉండవచ్చును. దానికి సమాధానం చెప్పగల హక్కు రేవున నిలిచిన ఆ ఇల్లాలికి, బిడ్డలకు మాత్రమే కలదు. పెన్నకు మాత్రం ఆనాడు నీటిలో దిగిన మొదటి మనిషి ఎవరో తెలియును.