పరమహంసుల కడపటి ఆహారము

1885వ సంవత్సరపు వేసవియందు శ్రీరామకృష్ణ పరమహంసులకు కంఠమున నొప్పి పొడసూపెను. అది రాచపుండని వైద్యులు నిర్ణయించిరి. చికిత్సకై శిష్యులు వారిని దక్షిణేశ్వరమునుండి కలకత్తాలోని శ్యామపుకూరునకును, డిసెంబరు 11వ తేదీని కాశీపురపు తోటయింటికిని చేర్చిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు రుసుము గైకొనక మందిచ్చుచుండెను. పరమహంసుల అవతారత్వమును అంగీకరింపని ఆ శాస్త్రజ్ఞుడే గంటలకొలది వారికడ కూర్చుండెడివాడు.

క్రమముగా అన్నము మ్రింగుట దుస్సాధ్యమయ్యెను. శారదాదేవి పాలు, జావ, పలుచని రవ్వపాయసము సిద్ధపరచి అందించుచుండిరి. ఒక్కొక్క దినమున అదియును గొంతు దిగదయ్యెను. తినగలుగునట్లు జగన్మాతను వేడుడని నరేంద్రుడు పట్టుపట్టగా, ఇందరి నోళ్లతో భుజించుచుండ ఒక్క నోటి కొరతకై వగచుట తగదని తల్లి సూచించెనని వారు తెల్పిరి.

1886 ఆగస్టు 16వ తేదీని వారు మహాసమాధి చెందిరి. వారి ఉపదేశములను స్మరించువారు ఆ వంటయింటిని స్మరించుట అరుదు. మందిచ్చుట వైద్యుని పని. మింగలేనివానికి ఓర్పుతో గుక్కెడు జావ పట్టుట ఇంటివారి ధర్మము. దానిని ఆడువారి పనియని మన గృహస్థులు తప్పించుకొనుచున్నారు. కాశీపురమున నరేంద్రాది యువకులు వంతులు వేసికొని రేయింబవళ్లు పరిచర్య చేసిరి. 1897లో వెలసిన రామకృష్ణ మిషన్ సేవావ్రతమునకు ఆ రోగిశయ్యయే తొలి పాఠశాలయని మేము తలచెదము.